జోసెఫ్ ఫూరియే

శీతల దేశములలో చలికాలము వచ్చినచో గదిలో పొయ్యి రాజవేయక గడవదు. కట్టెలెన్ని కాల్చినను గదిలోని వెచ్చదనము గోడల గుండను, కిటికీల గుండను వెలుపలికి పోవుచునే యుండును. అట్లు పోవు ఉష్ణమెంత? దానిని లెక్కకట్టుట సాధ్యమా? ఈ ప్రశ్నకు గణితమార్గమున సమాధానము చూపిన మహనీయుడు జోసెఫ్ ఫూరియే.

ఫూరియే 1768వ సంవత్సరము మార్చి 21వ తేదీన ఫ్రాన్సు దేశమందలి ఓసేర్ పట్టణమున జన్మించెను. తండ్రి దర్జీ. ఫూరియే పదేండ్లవాడు కాకముందే తల్లియు, ఆ పిమ్మట కొలది కాలమునకే తండ్రియు మరణించిరి. అనాథయైన ఆ బాలుడు పట్టణములోని సైనిక పాఠశాలలో చేరి, గణితమున మిక్కిలి ఆసక్తి కనబఱచెను. కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలను పోగుచేసికొని, అందఱును నిద్రించిన పిమ్మట ఆ వెలుతురున లెక్కలు చేసికొనెడివాడని చెప్పుదురు.

ఫ్రెంచి విప్లవకాలమున, 1794లో, ఆయన చెఱసాల పాలయ్యెను. రోబెస్పియర్ పతనానంతరము విడుదలయై, పారిసులో ఉపాధ్యాయుడయ్యెను. 1798లో నెపోలియనుతో ఈజిప్టునకు వెళ్ళిన పండితులలో ఆయన యొకడు. 1801లో స్వదేశమునకు తిరిగివచ్చెను. మఱుసటి యేడు నెపోలియను ఆయనను ఇజేర్ మండలమునకు పాలనాధికారిగా నియమించెను. ఆల్ప్స్ పర్వతముల చెంతనున్న గ్రెనోబుల్ నగరము దాని ముఖ్యపట్టణము. చలి యనిన ఫూరియేకు ఏమాత్రము సరిపడదు. గదిని బాగుగా వేడిచేసికొని, మందపు దుస్తులు ధరించి కూర్చుండెడివాడు.

పాలనాకార్యములలో ఆయన అశ్రద్ధ చూపలేదు. బుర్గ్వాన్ ప్రాంతపు చిత్తడినేలలలోని నీటిని తీయించి సాగునకు అనువుగా చేయించెను. తీరిక దొరికినప్పుడెల్ల ఇనుప కడియమును వేడిచేసి, దానియందు ఉష్ణము వ్యాపించు తీరును ఉష్ణమాపకములతో కొలిచెడివాడు.

ఆయన సిద్ధాంతమునకు మూలమైన నియమము సులభమైనదే. గోడ రెండు ముఖముల నడుమ ఉష్ణోగ్రతాభేదము రెట్టింపైనచో, దాని గుండ పోవు ఉష్ణమును రెట్టింపగును. గోడ వైశాల్యము రెట్టింపైనను అట్లే. మందము రెట్టింపైనచో పోవు ఉష్ణము సగమగును. ఇవిగాక, గోడ కట్టిన పదార్థపు ఉష్ణవాహకతను గణింపవలెను. నేటి కొలతలలో ఒక ఉదాహరణము చూడుడు. ఇటుకగోడ వైశాల్యము 12 చదరపు మీటర్లు, మందము 0.3 మీటరు, రెండు ముఖముల నడుమ భేదము 15 డిగ్రీలు, ఉష్ణవాహకత 0.7 అనుకొందము. 12ను 15చేతను, 0.7చేతను గుణించి, 0.3చేత భాగించినచో 420 వచ్చును. ఆ గోడ గుండ నష్టమగు ఉష్ణము 420 వాట్లన్నమాట. ఆ గది చల్లబడకుండ నిలువవలెనన్న, ఆ ఒక్క గోడ కొఱకే పొయ్యి అంత ఉష్ణమును ఎడతెగక సమకూర్పవలెను.

1807 డిసెంబరు 21వ తేదీన ఫూరియే తన పరిశోధనావ్యాసమును పారిసులోని విద్వత్పరిషత్తునకు సమర్పించెను. దానిని పరీక్షించినవారు లగ్రాంజ్, లాప్లాస్ మున్నగు మహాపండితులు. అందలి గణితశ్రేఢులను వృద్ధుడైన లగ్రాంజ్ అంగీకరింపలేదు. వ్యాసము అచ్చు కాలేదు. ఫూరియే నిరుత్సాహపడక, దానిని పెంచి 1811లో బహుమతి పోటీకి పంపెను. 1812లో బహుమతి లభించెను గాని, నిరూపణము కట్టుదిట్టముగా లేదని పరీక్షకులు ఆక్షేపించిరి. వ్యాసము మరల మూలబడెను.

తుదకు 1822లో, తొలి వ్యాసము సమర్పించిన పదునైదేండ్లకు, ఆయన ఉష్ణసిద్ధాంత గ్రంథము వెలువడెను. మూసిన గదిని వేడిచేయు విషయమును ఆయన అందు ప్రత్యేకముగా విచారించెను. పొయ్యి ఇచ్చు ఉష్ణమును, గోడల గుండ పోవు ఉష్ణమును సమానమైనంతనే గది ఉష్ణోగ్రత స్థిరపడునని గణితముతో చూపెను. ఆ యేడే విజ్ఞాన అకాడమీకి శాశ్వత కార్యదర్శియై, మూలబడిన తన వ్యాసమును దాని సంపుటములలో మార్పు లేకుండ అచ్చువేయించెను.

పరీక్షకుల ఆక్షేపణము నిరాధారమైనది కాదు. ఆ శ్రేఢులు ఏ నియమములకు లోబడి సరియైన ఫలితము నిచ్చునో 1829లో డిరిష్లే అను యువ గణితజ్ఞుడు కట్టుదిట్టముగా నిరూపించెను. తప్పు పట్టినవారును, తప్పు దిద్దినవారును శాస్త్రమునకు మేలే చేసిరి. మఱుసటి యేడు, 1830 మే 16వ తేదీన, ఫూరియే పారిసులో కన్నుమూసెను.

నేడును భవన నిర్మాతలు గదికెంత వేడి కావలెనో నిర్ణయించునప్పుడు ఆ నియమమునే అనుసరింతురు. మన యెండలలో వెలుపలి వేడి లోనికి వచ్చుటకును అదియే నియమము. మందపు మట్టిగోడల ఇల్లు మధ్యాహ్నమున చల్లగా నుండుటకు గల కారణములలో అదియు నొకటి. కొవ్వొత్తి ముక్కల వెలుతురున చదివిన దర్జీ కుమారుడు, తన మాట చెల్లకున్నను పదునైదేండ్లు పట్టువిడువక శ్రమించి, లోకమునకు ఈ జ్ఞానమును ప్రసాదించెను.