పంపు దగ్గర ఆగిపోని కథ

హెలెన్ కెల్లర్ అనగానే మనకి నీళ్ల పంపు గుర్తొస్తుంది. ఒక చేతి మీద చల్లటి నీళ్లు, రెండో అరచేతిలో టీచరమ్మ వేళ్లతో రాస్తున్న అక్షరాలు... ప్రతి వస్తువుకీ ఓ పేరుంటుందని ఆ పిల్లకి తెలిసిన క్షణం! మన పిల్లలకీ అంతవరకే చెప్పి ఆపేస్తాం. అప్పటికి ఆమెకి ఏడేళ్లయినా నిండలేదు. 1968లో పోయేనాటికి ఎనభై ఏడు దాటాయి. మరి మిగతా ఎనభై ఏళ్లూ ఏం చేసినట్టు?

1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టింది హెలెన్. పందొమ్మిదో నెలలో వచ్చిన జబ్బు చూపునీ వినికిడినీ తీసుకుపోయింది. 1887లో ఆనీ సలివన్ టీచరుగా వచ్చింది. ఆవిడకి ఇరవై ఏళ్లు, ఆవిడ చూపూ అంతంతమాత్రమే.

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. లెక్చరర్ చెప్పేదంతా ఆనీ అరచేతిలో రాస్తూ ఉండాలి. చేతులు వినే పనిలో ఉంటే నోట్సు రాసుకునేదెలా? ఇంటికెళ్లాక గుర్తున్నంత మేరకు రాసుకునేది. చాలా పుస్తకాలు బ్రెయిలీలో దొరికేవి కావు. అయినా 1904లో ఆనర్స్‌తో బి.ఏ. పూర్తిచేసింది. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లలో డిగ్రీ అందుకున్న మొదటి వ్యక్తి ఆమే.

అసలు చదువు ఆ తర్వాతే మొదలైందనాలి. మనుషులు గుడ్డివాళ్లెందుకవుతున్నారని ఆరా తీసింది. భర్త నుంచి భార్యకి అంటిన సుఖవ్యాధి కాన్పు సమయంలో పసికందు కళ్లకి సోకుతోందని, పుట్టగానే వేసే మందు చుక్కలతో దాన్ని ఆపొచ్చని తెలిసింది. మర్యాదస్తుల ఇళ్లలో ఆ మాటే ఎత్తని రోజులవి. 1907లో మనలాంటి గృహిణులు చదివే 'లేడీస్ హోమ్ జర్నల్'లోనే ఆ సంగతి రాసేసింది!

ఫ్యాక్టరీ ప్రమాదాలూ పేదరికమూ కూడా కళ్లు పోగొడుతున్నాయని గ్రహించి, 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది. అంతవరకూ ఆకాశానికెత్తిన పత్రికలే, లోపమున్న మనిషి ఆలోచనా లోపమేనన్నట్టు రాశాయి. 1916లో ప్రేమించినవాణ్ణి పెళ్లాడదామంటే తల్లి అడ్డుపడింది. కాలేజీ చదువు చదవొచ్చు, ఊరూరా ఉపన్యాసాలివ్వొచ్చు గానీ, కాపురం మాత్రం కూడదట!

అలాగని ఆమె చేసినవన్నీ ఒప్పులే కావు. 1915లో, వైకల్యంతో పుట్టిన బిడ్డకి ఆపరేషన్ చెయ్యకుండా వదిలేసి, ఆ బిడ్డ ప్రాణం పోనిచ్చిన డాక్టర్ని ఆమె సమర్థించింది. చదువుతుంటే నా మనసు చివుక్కుమంది. ఏ బతుకు విలువైనదో తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఆమెనీ తడబెట్టిందన్నమాట.

ఇప్పుడు ఇలాంటి ప్రశ్నల్నే విశ్వవిద్యాలయాల్లో 'వైకల్య అధ్యయనం' పేరుతో చదువుతున్నారు. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం 1994లో ఈ కోర్సు మొదలుపెట్టింది. ఇది ఒక్క వైద్యానికి చెందిన సబ్జెక్టు కాదు. చరిత్ర, చట్టం, ఆర్థికశాస్త్రం, సాహిత్యం అన్నీ కలిస్తేనే అర్థమయ్యేది. ఒంట్లో ఏం తక్కువైందని అడిగి ఊరుకోరు. మెట్లు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు ఆ మనిషిని ఎక్కడెక్కడ ఆపేస్తున్నాయని కూడా అడుగుతారు. పేరు పెట్టకుండానే హెలెన్ వందేళ్ల కిందట చదివింది ఇదే కదూ!

ఈసారి పిల్లలకి హెలెన్ కథ చెప్పేటప్పుడు పంపు దగ్గర ఆగకండి. అక్కణ్ణించి మొదలుపెట్టండి.