జైపాల్ సింగ్: ఆక్స్‌ఫర్డ్ హాకీ నుంచి రాజ్యాంగ సభకు

రాజ్యాంగ సభ చర్చల సంపుటాలను వృత్తిరీత్యా నేను తరచు తిరగవేస్తుంటాను. 1946 డిసెంబరు 19 నాటి పుటల వద్ద ప్రతిసారీ కొంతసేపు ఆగిపోతాను. లక్ష్యాల తీర్మానంపై ఆనాడు ఆదివాసుల పక్షాన మాట్లాడిన సభ్యుడు జైపాల్ సింగ్ ముండా. ఆ సభలో న్యాయవాదులకు కొదవలేదు. ఒలింపిక్ హాకీ జట్టుకు నాయకత్వం వహించి వచ్చినవారు మాత్రం ఆయనే.

ఆయన 1903 జనవరి 3న ఖుంటి ప్రాంతంలోని టకరా గ్రామంలో ముండా కుటుంబంలో జన్మించారు. రాంచీ సెయింట్ పాల్స్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కాస్‌గ్రేవ్ ఈ బాలుని చురుకుదనాన్ని గుర్తించి, 1918లో తన వెంట ఇంగ్లండు తీసుకువెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో జైపాల్ అర్థశాస్త్రం చదివారు. హాకీలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, ‘బ్లూ’ గౌరవం పొందారు. ఆ ఆటలో ఆ గౌరవం అందుకున్న తొలి భారతీయుడాయన.

1928లో ఆయన ఐ.సి.ఎస్. శిక్షణలో ఉండగా, ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు జట్టు నాయకునిగా పిలుపు వచ్చింది. సెలవు ఇచ్చేది లేదన్నారు అధికారులు. ఆయన వెళ్లారు. ఆ జట్టు అయిదు ఆటలలో 29 గోల్స్ చేసి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచింది. అయితే మే 26న నెదర్లాండ్స్‌పై 3-0తో గెలిచిన తుది పోటీలో నాయకుడు లేరు. జట్టులోని విభేదాల వల్ల అప్పటికే ఆయన తప్పుకున్నారు. క్రీడా సంఘాల కీచులాటలు మనకు కొత్త కావన్నమాట! తిరిగి వెళ్తే, అదనంగా మరో ఏడాది శిక్షణ పొందాలన్నారు. జైపాల్ ఐ.సి.ఎస్.నే వదులుకున్నారు. ఆ రోజులలో ఐ.సి.ఎస్. అంటే ఏమిటో తెలిసినవారికి ఈ నిర్ణయం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

తరువాత కలకత్తాలో బర్మా షెల్ ఉద్యోగం, గోల్డ్‌కోస్టులోని అచిమోటా కళాశాలలో అధ్యాపకత్వం, రాయపూర్ రాజకుమార్ కళాశాలలో బోధన, బికనీరు సంస్థానంలో కొలువు. 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షులయ్యారు. అసలు జీవితం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

రాజ్యాంగ సభలో మద్యనిషేధ సూత్రాన్ని ఆయన వ్యతిరేకించారు. బియ్యంతో కాచే పానీయం ఆదివాసుల పూజలోనూ పొలం పనిలోనూ భాగమని ఆయన వాదం. గాంధేయులు నిండిన సభలో ఆ మాట అనడానికి గుండె కావాలి. ‘ఆదివాసి’ అనే పదం రాజ్యాంగంలో ఉండాలని పట్టుబట్టారు. అది నెగ్గలేదు, ‘షెడ్యూల్డు తెగలు’ అన్న మాటే నిలిచింది.

1952 ఎన్నికలలో ఆయన ఝార్ఖండ్ పార్టీ బీహారు శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. ఫజల్ అలీ సంఘం 1955లో ఇచ్చిన నివేదిక తెలుగువారికి బాగా గుర్తే; హైదరాబాదును ప్రస్తుతానికి ప్రత్యేక రాష్ట్రంగా ఉంచాలన్న ఆ సంఘమే ఝార్ఖండ్ కోరికను తోసిపుచ్చింది. 1963లో జైపాల్ తన పార్టీని కాంగ్రెసులో విలీనం చేశారు. ఆయన జీవితంలో నేను సమర్థించలేని ఘట్టం ఇదే. రాష్ట్రం రాలేదు, పార్టీ పోయింది. ఐ.సి.ఎస్.కు తలవంచని మనిషి, ఏ గట్టి హామీ చేతికి రాకముందే పాలకపక్షంలో చేరడం ఆయన అనుచరులకు మింగుడుపడలేదు.

ఖుంటి లోక్‌సభ సభ్యునిగా ఉండగానే 1970 మార్చి 20న ఢిల్లీలో మరణించారు. ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు, అవతరించింది. రాంచీలో ఒక ఆటస్థలానికి జైపాల్ పేరుంది.