నాయుడుగారి యీశ్వరుడు

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై బడెను. తుపానుతో గూడిన యుప్పెన యా యొక్క రాత్రిలో సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. వారిలో పాపు లెవ్వరు, పుణ్యాత్ము లెవ్వరని యా నీరు విచారింపలేదు. అంతకు రెండేండ్లు ముందు, 1862 అక్టోబరు 1వ తేదీన, ఆ పట్టణముననే రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు జన్మించిరి. లోకమును సృష్టించిన దేవుడు దానిని కనిపెట్టి యున్నాడా, లేక సృష్టించి తన దారిని తాను పోయెనా యను ప్రశ్నకు ఆయన జీవితమంతయు నొక ప్రత్యుత్తరము.

ఈ ప్రశ్న కృష్ణా డెల్టా రైతునకు క్రొత్తది కాదు. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియగువరకు అతడు ఆకాశమువంక జూచి బ్రదికెను. తరువాత కాలువవంక జూడ నేర్చెను. కావున కాలువభాషలోనే ప్రశ్నను చెప్పుదుము. ఈశ్వరుడు ఆనకట్టను గట్టి, పింఛను పుచ్చుకొని, స్వదేశమునకు బోయిన ఇంజనీరువంటివాడా? లేక అర్ధరాత్రమున లాంతరు చేతబట్టి గట్టువెంబడి దిరుగుచు, తూముల తలుపులెత్తుచు దింపుచునుండు లస్కరువంటివాడా? పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా పండితులలో పలువురు మొదటి పక్షమును గైకొనిరి. వారి మతమున ప్రకృతినియమములే చాలును. మొర వినువాడు లేడు. మన పూర్వాచారపరులు రెండవ పక్షమువారు. కాని వానకును, వ్యాధికిని, వ్యాజ్యమునకును గూడ దేవునే బాధ్యుని జేసి తాము చేతులు ముడుచుకొని కూర్చుండుట వారిలో పలువురకు వాడుకయయ్యెను.

నాయుడుగారి తండ్రి సైనికోద్యోగి యగుటచే వారి బాల్యము ఉత్తరదేశమునను, హైదరాబాదునను గడచెను. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో మిల్లరు దొరగారి శిష్యులై యెం.ఏ. పట్టము నొందిరి. మన్నవ బుచ్చయ్యపంతులుగారి సహవాసమున, 1828లో రామమోహనరాయలు స్థాపించిన బ్రహ్మసమాజ ధర్మము వారి కబ్బెను. ఆ ధర్మమున విగ్రహము లేదు, అవతారము లేదు, అద్భుతములు లేవు. కాని ప్రార్థన కలదు. విశేషమంతయు నిందే యున్నది. దేవుడు తన నియమమును దప్పి తుపాను నాపడు. అయినను మనుష్యుని యంతరాత్మను విడిచిపోడు. లస్కరు చేతిలోని లాంతరే మనస్సాక్షి యని దీని తాత్పర్యముగా మేము గ్రహించితిమి.

ఈ విశ్వాసము ఉపన్యాసములతో ముగిసినదైనచో మేమింతగా వ్రాయనక్కరలేదు. ముప్పదియేండ్లు నిండకమున్నే భార్య గతించెను. ఆయన మరల వివాహమాడలేదు. తుదివరకు తెల్లని వస్త్రములనే ధరించిరి. బందరు నోబిలు కళాశాలలో బోధించుచు, వివాహాది శుభకార్యములలో భోగముమేళములు పెట్టించు పెద్దమనుష్యుల యాచారమును బాహాటముగా ఖండించిరి. ఆ పెద్దమనుష్యులలో భూస్వాములే యెక్కువ యని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1904 మొదలు 1919 వరకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులై స్త్రీలకు ప్రవేశము కల్పించిరి. పిఠాపురము మహారాజావారు శిష్యులు గాగా ఆ పట్టణమున అనాథశరణాలయమును, హరిజన బాలురకు వసతిగృహమును వెలసెను. 1925 నుండి మూడేండ్లు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఆంధ్రులు వారిని బ్రహ్మర్షి యనిరి. 1939 మే నెలలో వారు కాకినాడలో దేహము చాలించిరి.

ఇక లోపమును దాచుట మా పని కాదు. దేవుడు చరిత్రను నడుపుచున్నాడని నమ్మువానికి ఒక చిక్కు గలదు: పరప్రభుత్వమును గూడ ఆయనయే పంపెనా? ఆ తరము సంస్కర్తలలో పెక్కండ్రు ఔననిరి. నాయుడుగారు 1924లో ఆంగ్లప్రభుత్వమువలన సర్ బిరుదమును గ్రహించిరి. జైళ్లకు బోయిన తరముతో వారు నడువలేదు. కాని నోబిలు కళాశాలలో వారి శిష్యులైన ముట్నూరి కృష్ణారావుగారు అదే యంతరాత్మ ప్రబోధమును విని, కృష్ణాపత్రికను స్వరాజ్యమునకు గొంతుక జేసిరి. గురువు వెలిగించిన లాంతరు గురువు నడువని గట్టుమీదను వెలుగు నిచ్చెను.

మరియొక యాక్షేపణ యింతకంటె బలమైనది. నాయుడుగారు ప్రధానాచార్యులుగా నుండిన కళాశాలలోనే వృక్షశాస్త్రము బోధించిన గోపరాజు రామచంద్రరావుగారు 1933లో నాస్తికత్వము కారణముగా నుద్యోగమును గోల్పోయిరి. లస్కరు లేడు, గట్టును మనమే కాచుకొనవలెనని యా గోరాగారి వాదము. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన మరల వచ్చి దివిసీమలో వేలకొలది ప్రాణములను హరించినప్పుడు, ఆస్తికులును సేవ చేసిరి. గోరాగారి యనుయాయులును సేవ చేసిరి.

అట్లయిన తీర్పు ఏమి? ముప్పదివేలమంది మృతికి నాయుడుగారి మతము సమాధానము చెప్పజాలదు. ఏ మతమును చెప్పినట్లు మే మెరుగము. కాని దేవుడు లోకమును విడిచెనని తలచి నిరాశపడినవాడును, అంతయు దేవుడే చూచుకొనునని తలచి నిద్రించినవాడును గండిపడిన గట్టుకడకు రారు. వచ్చినవా డెవ్వడో చూడుడు. వాని చేతిలోని లాంతరు నెవరు వెలిగించిరను విషయమై వాదించుటకు తెల్లవారిన పిమ్మట వలసినంత వ్యవధి యుండును. నాయుడుగారు మాత్రము దాని నీశ్వరుడే వెలిగించెనని నమ్మిరి. నమ్మి, గట్టును విడువక నిలిచిరి.