డాక్టర్ గీసిన మలుపు.. ఊరించి ముంచే 'డాగ్‌లెగ్'! అగస్టా గోల్ఫ్ మైదానం సృష్టికర్త కథ తెలుసా? పూర్తయిన మైదానాన్ని చూడకుండానే కన్నుమూశారు!

చదివింది వైద్యం. నేర్చుకుంది యుద్ధభూమిలో. పేరొచ్చింది గోల్ఫ్ మైదానాల్లో. ప్రపంచంలోనే అత్యంత ప్రసిద్ధమైన గోల్ఫ్ కోర్సు గీసిన ఆ మనిషికి చివరి రోజుల్లో ఇల్లు గడవడమే కష్టమైంది. పని చేసిన ఫీజులో సగం కూడా చేతికి రాలేదు. ఇంతకీ ఎవరాయన? ఆయన వదిలివెళ్లిన ఆ వంకర హోల్ దగ్గర నేటికీ చాంపియన్లు ఎందుకు తడబడుతున్నారు? ఆ వివరాలేంటో చూద్దాం..

ఏ మెకంజీ?

మెకంజీ అనగానే కడప, కర్నూలు జిల్లాల వారికి గుర్తొచ్చేది కైఫీయత్తులే. ఊరూరి చరిత్రనూ రాయించి భద్రపరిచిన కల్నల్ కాలిన్ మెకంజీ పేరు సీమలో చదువుకున్న వాళ్లందరికీ పరిచయమే. ఆయన 1821లోనే చనిపోయారు. మనం చెప్పుకుంటున్నది మరో మెకంజీ గురించి. పేరు డాక్టర్ అలిస్టర్ మెకంజీ. ఆయన కూడా స్కాట్లాండ్ మూలాలున్న మనిషే. నేలను చదవడంలో ఈయనా తక్కువేం కాదు. కాకపోతే కాలిన్ మెకంజీ నేలను కొలిచి మ్యాపులు గీస్తే, అలిస్టర్ మెకంజీ అదే నేల మీద ఆట గీశారు.

1870 ఆగస్టు 30న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, నార్మంటన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి డాక్టర్. కేంబ్రిడ్జ్‌లో సైన్స్, వైద్యం చదివిన అలిస్టర్ కూడా అదే దారిలో వెళ్లారు. లీడ్స్ నగరంలో ప్రాక్టీస్ పెట్టారు. అంతా అనుకున్నట్టే సాగితే ఆయన పేరు లీడ్స్ దాటి ఎవరికీ తెలిసేది కాదు. కానీ మధ్యలో ఓ యుద్ధం వచ్చింది.

కథ మలుపు తిరిగింది అక్కడే..

1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. మెకంజీ బ్రిటిష్ సైన్యంలో సర్జన్‌గా వెళ్లారు. ఎండకు మాడిన గడ్డి మైదానాలు, అక్కడక్కడా రాళ్ల గుట్టలు.. ఓర్వకల్లు నుంచి గండికోట దాకా తిరిగిన వాళ్లకు అలాంటి నేల కొత్తేం కాదు. ఆ నేలలో బోయర్ రైతులు సంఖ్యలో తక్కువే అయినా బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. కారణం ఆయుధాలొక్కటే కాదు. దాక్కునే తీరు.

వాళ్ల కందకాలు దూరం నుంచి చూస్తే కనిపించవు. గడ్డిలో, రాళ్లలో కలిసిపోతాయి. కనిపించే కందకాలేమో చాలాసార్లు ఉత్తుత్తివి. సైనికులు వాటి మీద గుళ్లు కురిపిస్తుంటే, అసలు కందకం ఇంకెక్కడో ఉండేది. గాయపడిన వాళ్లకు కట్లు కడుతూనే డాక్టర్ మెకంజీ ఈ విద్యను జాగ్రత్తగా గమనించారు. మనిషి కట్టింది ప్రకృతిలో పుట్టినట్టే కనిపించాలి.. ఈ పాఠమే ఆయన జీవితాన్ని మార్చేసింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన వైద్యం పక్కనపెట్టి, కందకాలను శత్రువుకు కనబడకుండా ఎలా కట్టాలో నేర్పే పనిలోకి మారారు.

వైద్యం నుంచి మైదానం దాకా..

దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చాక, 1907లో లీడ్స్ దగ్గర ఆల్‌వుడ్లీ గోల్ఫ్ క్లబ్ ఏర్పాటులో మెకంజీ ముందున్నారు. మైదానం తానే గీస్తానన్నారు. ఆయనేమీ గొప్ప ఆటగాడు కాదు. ఆ మాట ఆయనా దాచుకోలేదు. అప్పటికే పేరున్న డిజైనర్ హ్యారీ కోల్ట్‌ను సలహా కోసం పిలిపిస్తే, ఇద్దరి ఆలోచనలూ ఒక్కటేనని తేలింది. ఆ రోజుల్లో చాలా మైదానాల్లో బంకర్లంటే గీత గీసినట్టు అడ్డంగా తవ్విన గుంతలే. మెకంజీ బంకర్లు మాత్రం గాలికీ వానకూ ఏర్పడిన ఇసుక తిన్నెల్లా ఉండేవి. బోయర్ కందకాల పాఠం ఇక్కడ పనికొచ్చిందన్నమాట!

1914లో 'కంట్రీ లైఫ్' అనే పత్రిక గోల్ఫ్ హోల్ డిజైన్ పోటీ పెట్టింది. మొదటి బహుమతి మెకంజీదే. ఆయన పంపిన బొమ్మలో ఒకే హోల్‌కు చేరడానికి పలు దారులున్నాయి. ధైర్యం ఉన్నవాడికి ఒకటి, భయపడేవాడికి ఒకటి, మధ్యస్థంగా ఉండేవాడికి ఇంకొకటి. అమెరికాలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో లీడో అనే కోర్సులో ఆ హోల్‌ను నిజంగానే కట్టారు. ఓ లీడ్స్ డాక్టర్ పేరు అలా సముద్రం దాటింది.

అసలు ఏంటీ డాగ్‌లెగ్?

గోల్ఫ్ తెలియని వాళ్ల కోసం కాస్త సింపుల్‌గా చెప్పుకుందాం. మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. గుంత, జెండా ఉండే నున్నటి గడ్డి చోటు గ్రీన్. మధ్యలో ఉండే పచ్చటి దారి ఫెయిర్‌వే. టీ నుంచి గ్రీన్ దాకా దారి తిన్నగా ఉంటే గొడవే లేదు. మధ్యలో కుక్క వెనక కాలిలా వంగితే దాన్నే డాగ్‌లెగ్ అంటారు. కొన్ని కాస్త వంగుతాయి. కొన్ని దాదాపు మూలమట్టంగా తిరుగుతాయి.

కేసీ కాలువ గట్టున నడిచే వాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. అవతలి చేలోకి వెళ్లాలంటే వంతెన దాకా చుట్టు తిరిగి పోవచ్చు. లేదంటే సన్నగా ఉన్న చోట చూసుకుని దూకేయొచ్చు. దూకితే టైమ్ మిగులుతుంది.. జారితే మాత్రం తడిసి ముద్దే. డాగ్‌లెగ్ కూడా అంతే. మలుపు లోపలి వైపు కొడితే దూరం తగ్గుతుంది. కానీ ప్రమాదమంతా అక్కడే కాచుకుని ఉంటుంది. బయటి వైపు కొడితే సేఫ్. కానీ దూరం పెరుగుతుంది.

అయితే మలుపు మరీ పదునుగా ఉంటే ఆట చెడిపోతుంది. మూల దగ్గర పెద్ద చెట్లు అడ్డంగా నిలబడితే, బలంగా కొట్టగలిగేవాడు కూడా బంతిని మూల దగ్గరే ఆపుకోవాలి. తక్కువ దూరం కొట్టేవాడి బంతి ఆ మూల దాకా కూడా రాదు. వాడికి గ్రీన్ కనబడనే కనబడదు. అంటే బలవంతుడికి లాభం లేదు, బలహీనుడికి దారి లేదు. అందరూ ఒకే షాట్ ఆడాలి. అలాంటి చోట ఆలోచించాల్సిన పనే ఉండదు.

మెకంజీ పట్టుబట్టింది సరిగ్గా ఈ పాయింట్ మీదే. 1920లో అచ్చయిన తన గోల్ఫ్ ఆర్కిటెక్చర్ పుస్తకంలో 13 సూత్రాలు చెప్పారు. సాహసం చేసేవాడికి అవకాశం ఉండాలి. చేయలేనివాడికి ఒక దెబ్బ ఎక్కువైనా వేరే దారి ఉండాలి. పోయిన బంతి కోసం పొదల్లో వెతుక్కునే చిరాకు ఉండకూడదు. ఆరితేరినవాడికీ, నిన్నగాక మొన్న బ్యాట్ పట్టినట్టు ఆడేవాడికీ ఆట ఒకేలా మజా ఇవ్వాలి. భవిష్యత్తులో హోల్స్‌ను పొడిగించుకునే వీలు కూడా ముందే చూసుకోవాలి.. సారాంశంలో ఆయన చెప్పింది ఇదే. ఆటతో మనిషికి ఆరోగ్యం, ఉల్లాసం రావాలన్నది డాక్టర్‌గా ఆయన నమ్మకం.

ఆస్ట్రేలియా నుంచి అమెరికా..

1926లో మెకంజీ ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడి రాయల్ మెల్‌బోర్న్ వెస్ట్ కోర్సు ఆయన గీతే. అందులో 6వ హోల్ కుడివైపు తిరిగే డాగ్‌లెగ్. మలుపు లోపలి మూలలో బంకర్లు నోరు తెరుచుకుని ఉంటాయి. వాటి మీదుగా కొడతారా, పక్కనుంచి పోతారా అన్నది ఆటగాడి ఇష్టం. డిజైనర్లు నేటికీ ఆ హోల్‌ను ఉదాహరణగా చూపిస్తారు.

ఆ తర్వాత కాలిఫోర్నియా. 1928లో సముద్రం అంచున సైప్రస్ పాయింట్ కోర్సు తెరుచుకుంది. 1921 అమెరికా మహిళల అమెచ్యూర్ చాంపియన్ మేరియన్ హాలిన్స్ ఆయనకు ఆ పని అప్పగించారు. ఆమె తలపెట్టిన మరో కోర్సు పాసటియెంపో 1929 సెప్టెంబర్‌లో మొదలైంది. ఆ ప్రారంభ మ్యాచ్‌లో ఆడినవారిలో అప్పటి గోల్ఫ్ సూపర్‌స్టార్ బాబీ జోన్స్ ఉన్నారు. అదే నెలలో పెబుల్ బీచ్‌లో జరిగిన టోర్నీలో జోన్స్ తొలి రౌండ్‌లోనే ఓడిపోయారు. అలా ఖాళీ దొరకడంతో సైప్రస్ పాయింట్‌లోనూ ఆడారు. మెకంజీ పనితనం ఆయనకు తెగ నచ్చేసింది. ఆ ఓటమే లేకుంటే అగస్టా కథ వేరేలా ఉండేదేమో!

అగస్టా.. పేరు వచ్చింది, డబ్బు రాలేదు

1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచి జోన్స్ ఆట నుంచి తప్పుకున్నారు. సొంతంగా ఓ కోర్సు కట్టాలని జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో ఒకప్పటి మొక్కల నర్సరీ స్థలాన్ని ఎంచుకున్నారు. డిజైన్‌కు మెకంజీని పిలిచారు. ఆటగాడి అనుభవం ఒకరిది. నేలను చదివే కన్ను ఇంకొకరిది.

అక్కడి 13వ హోల్ చూస్తే మెకంజీ ఏంటో తెలుస్తుంది. పేరు అజేలియా. ఎడమ వైపు తిరిగే డాగ్‌లెగ్. ఎడమ అంచు పొడవునా ఓ చిన్న వాగు పారుతుంది. అదే వాగు చివర్లో గ్రీన్ ముందు అడ్డం తిరుగుతుంది. వాగుకు దగ్గరగా మొదటి దెబ్బ కొట్టగలిగితే దారి దగ్గరవుతుంది, కాళ్ల కింద నేలా కాస్త చదునుగా దొరుకుతుంది. రెండో దెబ్బకే గ్రీన్ చేరొచ్చు. భయపడి కుడివైపు కొడితే దూరం ఎక్కువ, పైగా వాలు మీద నిలబడి కొట్టాలి. అప్పుడు వాగుకు ఇవతలే ఆపుకుని, మూడో దెబ్బతో దాటాలి. ఎవరికీ దారి మూసేయలేదు. ఎవరికీ ఉచితంగా ఏదీ ఇవ్వలేదు.

కానీ కాలం కలిసిరాలేదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపేసింది. క్లబ్బుల్లో చేరేవాళ్లు కరువయ్యారు. కొత్త కోర్సులు కట్టేవాళ్లు లేరు. అగస్టా క్లబ్ కూడా అప్పుల్లో పడింది. మెకంజీకి ఒప్పుకున్న ఫీజు 10,000 డాలర్లు. దాన్ని 5,000కు తగ్గించుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. చివరకు చేతికి వచ్చింది 2,000 డాలర్లే. ఇంటి ఖర్చులకు కనీసం 500 డాలర్లయినా సర్దమని క్లబ్ నిర్వాహకులకు లేఖ రాయాల్సిన పరిస్థితి వచ్చింది. అవతల వాళ్ల దగ్గరా డబ్బు లేదు.

ఆ లోటు తీరకుండానే, 1934 జనవరి 6న కాలిఫోర్నియాలో, పాసటియెంపో కోర్సు పక్కనున్న ఇంట్లో ఆయన కన్నుమూశారు. వయసు 63 ఏళ్లు. ఆయన చితాభస్మాన్ని ఆ కోర్సు మీదే చల్లారు. గడ్డి పరిచి పూర్తిగా సిద్ధమైన అగస్టాను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

సరిగ్గా రెండున్నర నెలలకు, మార్చి 22న అగస్టాలో తొలి టోర్నీ మొదలైంది. అదే నేటి మాస్టర్స్. విజేత హార్టన్ స్మిత్‌కు 1,500 డాలర్లు దక్కాయి. అంటే మైదానం గీసిన మనిషికి రావాల్సిన బాకీలో అది సగం! ఇంకో విశేషం ఏంటంటే.. ఆ మొదటి ఏడాది కోర్సులో ముందు సగం, వెనక సగం తారుమారుగా ఉండేవి. నేటి 13వ హోల్ అప్పట్లో 4వ హోల్. మరుసటి ఏడాదే వరుస మార్చారు. దాంతో ఆ మలుపు ఫలితం తేలే చివరి ఘట్టంలోకి వచ్చింది.

నేటికీ అదే పరీక్ష..

1985లో కర్టిస్ స్ట్రేంజ్ ఆఖరి రోజు లీడ్‌లో ఉండి, 13వ హోల్‌లో రెండో దెబ్బకే గ్రీన్ కొట్టాలని చూశారు. బంతి వాగులో పడింది. 15లోనూ నీళ్లలోకే వెళ్లింది. టైటిల్ బెర్న్‌హార్డ్ లాంగర్‌కు పోయింది. 2010లో ఫిల్ మికెల్సన్ అదే హోల్‌లో రెండు చెట్ల మధ్య సందులోంచి, రాలిన పైన్ ఆకుల మీంచి కొట్టిన షాట్ వాగు దాటి గ్రీన్ మీద పడింది. ఆయన గెలిచారు. 2025లో రోరీ మెక్‌ల్రాయ్ మరీ విచిత్రం. సేఫ్‌గా ఆడి వాగుకు ఇవతలే ఆగారు. తేలిగ్గా కొట్టాల్సిన మూడో దెబ్బను నీళ్లలో వేసి డబుల్ బోగీ చేశారు. చివరకు ప్లేఆఫ్‌లో గట్టెక్కారు. ఆయనకు దక్కిన ప్రైజ్‌మనీ 42 లక్షల డాలర్లు.

ఇప్పటి ఆటగాళ్లు బంతిని చాలా దూరం కొడుతుండటంతో మలుపు పదును తగ్గిపోయింది. చెట్ల పైనుంచే మూల దాటించేస్తున్నారు. అందుకే 2023లో టీని వెనక్కి జరిపి, 510 గజాల హోల్‌ను 545 గజాలు చేశారు. హోల్స్ పొడిగించుకునే వీలుండాలని మెకంజీ 1920లోనే చెప్పిన మాట నూరేళ్ల తర్వాత పనికొచ్చింది.

ఆయన రాసిపెట్టుకున్న మరో పుస్తకం, 'ది స్పిరిట్ ఆఫ్ సెయింట్ ఆండ్రూస్', చనిపోయిన 61 ఏళ్లకు, 1995లో అచ్చయింది. 2005లో వరల్డ్ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా పక్కన, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లో గోల్ఫ్ ఆడేవాళ్లున్నారు. సీమలో చాలామందికి మాత్రం ఈ ఆట టీవీలో, ఫోన్‌లో కనిపించేదే. ఈసారి ఏప్రిల్‌లో మాస్టర్స్ వీడియోలు వస్తే 13వ హోల్ దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. ఆటగాడు బ్యాగ్ పక్కన నిలబడి వాగు వైపు, గ్రీన్ వైపు మార్చిమార్చి చూస్తుంటాడు. దూకాలా, చుట్టూ పోవాలా అని. ఆ తికమక పెట్టింది మాత్రం బాకీ వసూలు కాకుండానే వెళ్లిపోయిన ఓ డాక్టర్.