అళియ రామరాయలు: చరిత్రయందును, రంగస్థలమందును

విజయనగర సామ్రాజ్యమును పాలించిన ప్రముఖులలో చిరకాలము సింహాసనము నధిష్ఠింపకయే రాజ్యమంతయు తన చేతియం దుంచుకొనినవాడు అళియ రామరాయలు. ఆరవీటి వంశమున శ్రీరంగరాజునకు కుమారుడై జన్మించి, శ్రీకృష్ణదేవరాయల కుమార్తెను వివాహమాడుటచే ఆయనకు అళియ యను పేరు స్థిరపడినది. కన్నడమున అళియ యనగా అల్లుడు. తిరుమలరాయలు, వేంకటాద్రి ఆయన తమ్ములు. యౌవనమున ఆయన గోలకొండ కుతుబ్‌షా కొలువున నుండి, అచట నిరాదరణకు గురియై విజయనగరమునకు వచ్చెనని ఒక పారశీక చరిత్ర తెలుపుచున్నది.

కృష్ణదేవరాయలు 1529లో గతించెను. పిమ్మట రాజ్యము అచ్యుతదేవరాయలకు దక్కెను. 1542లో ఆయనయు మరణింపగా, ఆయన బావమరది సలకరాజు చిన తిరుమలుడు బాలుడైన యువరాజును చంపించి గద్దె నాక్రమించెను. అపుడు రామరాయలు అచ్యుతుని అన్న కుమారుడగు సదాశివరాయలను గుత్తి దుర్గపు చెరనుండి విడిపించి పట్టము కట్టెను. అనంతపురము సీమలోని గుత్తి కొండమీద ఒక బందీ రాజైన ఆ ఘట్టమే రామరాయల అధికారమునకు నాంది. కాని సదాశివునకు దుర్గము మారినదే గాని చెర తప్పలేదు. కాలక్రమమున ఆయన సంవత్సరమున కొకమారు మాత్రమే ప్రజలకు దర్శనమిచ్చు నామమాత్రపు రాజయ్యెను. శాసనములలో పేరు సదాశివునిది, ఆజ్ఞ రామరాయలది.

రామరాయలు సమర్థుడు కాడని శత్రువులు సైతము వ్రాయలేదు. దక్కనులోని సుల్తానులు ఒకరితో నొకరు పోరుచుండగా, నేడొకరికి, రేపు మరియొకరికి సాయపడి అందరిపైనను పెత్తనము సాగించుట ఆయన రాజనీతి. 1543లో అహమ్మదునగరముతో కలిసి బిజాపురముపై నడచెను. 1558 ప్రాంతమున బిజాపురముతో కలిసి అహమ్మదునగరముపై దండెత్తెను. అన్నకు వెరచి పారివచ్చిన గోలకొండ రాకుమారుడు ఇబ్రహీముకు ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయ మొసగెను. అనంతరము గోలకొండ నేలి, తెలుగు కవులను పోషించి, మల్కిభరాముడని వారిచే కీర్తింపబడినవాడు ఆ ఇబ్రహీమే. రామరాయల కుమారుడు మరణించినపుడు బిజాపురపు ఆలీ ఆదిల్‌షా స్వయముగా విజయనగరమునకు వచ్చి పరామర్శింపగా, రామరాయల భార్య ఆయనను పుత్రునివలె ఆదరించెనని ఫెరిస్తా వ్రాసెను. రామరాయల సేనలో ముస్లిము సేనానులు పెక్కుమంది యుండిరి. విద్యలయందును ఆయనకు ఆదరము మెండు. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి యను సంగీత గ్రంథము ఆయనకే అంకితము.

ఇట్టి నేర్పరి ఏల కూలెను? గెలిచినవాడు ఎచట ఆగవలెనో ఆయన ఎరుగకపోయెను. ఓడిన హుసేన్ నిజాంషాను తన శిబిరమునకు రప్పించి, తన చేతి తాంబూలము నందుకొనవలెనని సంధి నియమము విధించెనని ఫెరిస్తా కథనము. కోటలు పోయిన బాధకన్న ఈ అవమానము లోతుగా నాటుకొనినది. ఒకరి నొకరిపై ప్రయోగించిన నీతి తుదకు అందరికిని ఉమ్మడి శత్రువు నొకనిని చూపినది. నిజాంషా తన కుమార్తె చాందుబీబీని ఆలీ ఆదిల్‌షాకు ఇచ్చి షోలాపురమును కట్నముగా అర్పించెను. ఏడేండ్లు ఆశ్రయము పొందిన ఇబ్రహీమును, పుత్రునివలె ఆదరింపబడిన ఆలీయును, బీదరు సుల్తానును ఒక్కటైరి.

1565 జనవరిలో కృష్ణాతీరమున రక్కసగి, తంగడగి గ్రామములకడ యుద్ధము జరిగెను. తళ్లికోట యుద్ధమని లోకమున వ్యవహారము. వృద్ధుడైన రామరాయలు తానే మధ్యభాగమున నిలిచి సేనను నడపి, శత్రువులకు చిక్కెను. హుసేన్ నిజాంషా ఆయన శిరస్సును ఖండింపజేసి శూలమునకు గ్రుచ్చి సేనకు చూపించెను. రాయలసేన చెదరిపోయినది. యుద్ధమధ్యమున ఇద్దరు ముస్లిము సేనానులు పక్షము మారుటచే ఓటమి కలిగెనని 1567లో విజయనగరమును చూచిన ఇటలీ వర్తకుడు సీజరు ఫ్రెడరికు వ్రాసెను. దానిని చరిత్రకారు లందరును ఒకే రీతిగా అంగీకరింపరు. తిరుమలరాయలు సదాశివుని, ధనరాశులను తీసికొని పెనుకొండ చేరెను. హుసేన్ నిజాంషాయు విజయఫలము ననుభవింపక ఆ యేడే కన్నుమూసెను.

ఈ కథ మూడు శతాబ్దుల పిమ్మట రంగస్థలమున మరల పుట్టినది. 1882 వరకు అనంతపురము సీమ బళ్లారి జిల్లాలోని భాగమే. ఆ బళ్లారియందే ధర్మవరము రామకృష్ణమాచార్యులు తెలుగున విషాదాంత నాటకమునకు బాటవేసిరి. అచటి న్యాయవాది కోలాచలము శ్రీనివాసరావు, 1854లో జన్మించి 1919లో గతించినవారు, రామరాజు చరిత్రమును నాటకముగా రచించిరి. అందు రామరాయలపై పగబూనిన రుస్తుం అను పఠాను పాత్రను ధరించినవారు, ధర్మవరమువారి మేనల్లుడు, తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్లారి రాఘవ. ఆ పాత్ర ఆయన కీర్తికి ముఖ్య కారణములలో నొకటి. ప్రేక్షకులు రాజును చూడవచ్చి రుస్తుమును మనస్సున నిలుపుకొని పోయిరి.

నాటకమునకు ఒక ముఖము కావలెను. పగకు ఒక మనిషి కావలెను. రోమునేలిన జూలియసు సీజరు క్రీస్తు పూర్వము 44లో హతుడు కాగా, షేక్స్పియరు నాటకము చూచినవారికి సీజరుకన్న బ్రూటసే చిరకాలము గుర్తుండును. రోము గణతంత్రమును లోలోన తొలిచిన తగవులు రంగముపై కానరావు. రామరాయల విషయమును ఇట్టిదే. ఇరువదేండ్ల రాజనీతి ఒక్క పఠాను కోపమున ఇమిడిపోయినది. అందువలన చూచువారికి దుఃఖము కలిగినది. కాని ఇది రెండు మతముల పోరాటమను భ్రమయు కొందరికి కలిగినది. పుత్రుడని ఆదరింపబడినవాడును, ఆశ్రయము పొందినవాడును శత్రువులుగా నిలిచిన యుద్ధమును మతము పేరుతో మాత్రమే వివరించుట చరిత్రకు అన్యాయము.

నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న పెనుకొండ, ఆ ఓటమి పిమ్మట సామ్రాజ్యమునకు రాజధాని యైనది. వర్షము చాలని ఈ మెట్టసీమలో ఆ కొండకోట గోడలు నేటికిని నిలిచియున్నవి. రుస్తుం పాత్రను తలచి కన్నీరు పెట్టువారు, ఒక్కమారు ఆ కోట మెట్లెక్కి, తాంబూలమందించిన చేతిని గూర్చియు ఆలోచింపవలెను. నాటకము రామరాయల మరణమును చూపినది. ఆ మరణమునకు ఆయన తానే ఎట్లు దారి వేసికొనెనో చెప్పునది చరిత్ర. గ్రంథాలయమున ఈ రెండు పుస్తకములును ప్రక్కప్రక్కనే యుండుట మేలు.