కడపటి యేటి చదువు: డాక్టరు అంబేడ్కరుగారి లండను విద్యార్థి జీవితము

విదేశమునకు విద్యార్థి బయలుదేరు దినమున పూలదండ వేసి సాగనంపువారు పలువురుందురు. ఆ విద్యార్థి పరీక్షకు కూర్చుండు కడపటి యేట వానికి రెండుపూటల భోజనము దొరకుచున్నదో లేదో విచారించువారు మిక్కిలి అరుదు. చదువునకు మొదటి సంవత్సరము ఉత్సాహము తోడుండును. నడిమి సంవత్సరములకు అలవాటు తోడుండును. కడపటి సంవత్సరమున చేతి సొమ్ము తరిగి, దేహము నలిగి, ఇంటినుండి వచ్చు ఉత్తరములు బరువెక్కి, ఇన్నేండ్ల శ్రమయు పరీక్షకుల తీర్పుపై నిలిచియుండును. ఈ సంగతిని మన సంఘీయులకును, విద్యార్థులకు సాయమొనర్చు దాతలకును మనవి చేయగోరి, డాక్టరు భీమరావు రాంజీ అంబేడ్కరుగారి జీవితమునుండి ఆ భాగమును ప్రత్యేకించి యిచట వ్రాయుచున్నాము. రాజ్యాంగ నిర్మాతగా వారిని ఎరుగనివారు లేరు. లండను నగరమున ఆకలితో చదివిన విద్యార్థిగా ఎరిగినవారు కొందరే.

అంబేడ్కరుగారు 1891 ఏప్రిలు 14వ తేదీన మౌ దండునందు, సుబేదారు రాంజీ సక్పాలుగారికి పదునాలుగవ సంతానముగా జన్మించిరి. అస్పృశ్యులని త్రోసివేయబడిన మహారు కులమువారగుటచే బడిలో ఇతర బాలురతో కలిసి కూర్చుండుటకైనను నోచుకొనలేదు. 1907లో ప్రవేశపరీక్షయందు కృతార్థులై, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి.ఏ. ముగించిరి. బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు మహారాజు నెలకు పదునొకటిన్నర పౌనుల చొప్పున మూడేండ్లు విద్యార్థివేతనమొసగి 1913లో వారిని అమెరికాకు పంపిరి. న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్య సెలిగ్‌మన్ మొదలగువారివద్ద అర్థశాస్త్రము నభ్యసించి, 1915లో ఎం.ఏ. పట్టము నందిరి. 1916 మే 9వ తేదీన కులముల పుట్టుకనుగూర్చి వారు అచట చదివిన వ్యాసము నేటికిని పండితులు పఠించుచునే యున్నారు.

అటుపై 1916లో లండను చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సులో అర్థశాస్త్రమునకును, గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రమునకును ఏకకాలమున ప్రవేశించిరి. చదువు సాగుచుండగనే వేతనపు గడువు తీరిపోయెను. సంస్థానము పొడిగింప నిరాకరించెను. మరల వచ్చి చదువు ముగించుకొనుటకు నాలుగేండ్ల గడువును మాత్రము విశ్వవిద్యాలయమునుండి పొంది, 1917లో వారు స్వదేశమునకు మరలిరి. అది ప్రపంచ యుద్ధకాలము. వారు ఒక ఓడలో రాగా, పుస్తకములతో కూడిన సామాను వేరొక ఓడలో పంపబడెను. సామాను వచ్చు ఓడను శత్రువులు సముద్రమున ముంచివేసిరి.

ఒడంబడిక ననుసరించి బరోడా కొలువున చేరిన ఆ విద్వాంసునకు ఆ పట్టణమున అద్దెకు గది యిచ్చువారు లేకపోయిరి. ఒక పారసీ సత్రమున పేరు మార్చుకొని తలదాచుకొనగా, పదునొకండవ దినమున కఱ్ఱలు చేతబూనినవారు వచ్చి వెడలగొట్టిరి. వారు కొలువు వదలి బొంబాయి చేరి, 1918లో సిడెన్‌హామ్ కళాశాలయందు ఆచార్యులైరి. జీతమున మితముగా వాడుకొని, మిగిలినది లండను చదువునకై కూడబెట్టిరి. అది చాలనందున, న్యూయార్కునందు తమతో నొకే వసతిగృహమున నుండిన నావల్ భతేనా యను పారసీ మిత్రునివద్ద అయిదువేల రూపాయలు అప్పు గొనిరి. కొల్హాపురము షాహూ మహారాజు కొంత ద్రవ్యసహాయము చేసిరి. సత్రమునుండి వెడలగొట్టినవారును పారసీకులే, అడిగినంతనే సొమ్ము చేతబెట్టిన మిత్రుడును పారసీయే. మనుష్యుని గుణమును కులమునుబట్టి నిర్ణయింపరాదనుటకు వేరు నిదర్శన మేల?

1920 జూలైలో వారు మరల ఓడ ఎక్కిరి. అప్పటికి వారికి ఇరువదితొమ్మిది యేండ్లు. భార్య రమాబాయిగారు కుమారుడు యశ్వంతునితో బొంబాయియందు చాలీచాలని సొమ్ముతో సంసారము నీడ్చుచుండిరి. లండనులో అంబేడ్కరుగారి దినచర్య యిట్లుండెడిది. ఉదయమున వసతిగృహపు యజమానురాలు పెట్టు పలుచని రొట్టెముక్కయు, తేనీరును తీసికొని, బండి ఖర్చు మిగుల్చుటకై కాలినడకన బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమునకు పోవుదురు. తలుపులు తెరచినది మొదలు మూయువరకు అచటనే చదువుదురు. మధ్యాహ్న భోజనము లేదు. సాయంకాలము గదికి వచ్చి స్వల్పముగా నేదియో తిని, మరల పుస్తకము తెరతురు. నడిరేయి ఆకలి హెచ్చినపుడు స్నేహితు డొక డిచ్చిన అప్పడములను కాల్చుకొని, కొంచెము పాలు త్రాగి, తెల్లవారువరకు చదువుట కలదు. ఇట్లు శ్రమించి 1921లో ఎం.ఎస్‌సి. పట్టమును, 1922లో బారిష్టరు పదవిని సాధించిరి.

ఇచట నొక విచిత్రమును పాఠకులు గమనింపవలెను. వారు డి.ఎస్‌సి. పట్టమునకై యెన్నుకొనిన విషయము రూపాయి సమస్య. ఆ సమస్యయే వారి జేబును పట్టి పీడించెను. 1920 ఆరంభమున రెండు షిల్లింగులకు పైబడి పలికిన రూపాయి, 1921 నాటికి ఒక షిల్లింగు నాలుగు పెన్నీల దరికి దిగజారెను. రెండు షిల్లింగుల లెక్కకు అయిదువేల రూపాయలు అయిదువందల పౌనులగును. ఒక షిల్లింగు నాలుగు పెన్నీల లెక్కకు మున్నూట ముప్పదిమూడు పౌనులే. ఒక్క పైసయైన దుర్వ్యయము చేయకయే విద్యార్థి సొమ్ములో మూడవపాలు మాయమగుట యిట్లు. 1921 సెప్టెంబరులో వారు షాహూ మహారాజునకు లేఖ వ్రాసి, మారకపు రేటు తలక్రిందులగుటచే తమ అంచనాలు తప్పినవనియు, న్యాయవిద్య రుసుమునకును తిరుగు ప్రయాణమునకును రెండువందల పౌనులు అప్పుగా కావలెననియు కోరిరి. ఆత్మాభిమానముగల వానికి అట్టి లేఖ వ్రాయుట ఎంతటి కష్టమో, అప్పు అడిగినవారికే తెలియును. ఎనిమిది నెలలు గడచునప్పటికి, 1922 మే 6వ తేదీన, ఆ ప్రభువు కీర్తిశేషులైరి.

1922 అక్టోబరులో అంబేడ్కరుగారు తమ గ్రంథమును విశ్వవిద్యాలయమునకు సమర్పించిరి. అంతటితో విశ్రమింపక జర్మనీ దేశమున బాన్ విశ్వవిద్యాలయమునందు చదువ నుద్యమించిరి. ఇంతలో 1923లో లండనునుండి పిలుపు వచ్చెను. గ్రంథము నున్నదున్నట్లు అంగీకరించుటకు పరీక్షకులు సమ్మతింపలేదు, తిరుగవ్రాయవలసినదని చెప్పిరి. భారతదేశపు నాణెపు పద్ధతిని ఆంగ్ల ప్రభుత్వము నడపిన తీరును ఆ గ్రంథము తీవ్రముగా విమర్శించెను. కీన్సు మొదలగు ప్రసిద్ధ అర్థశాస్త్రజ్ఞులు మెచ్చిన బంగారు మారక పద్ధతియందు రూపాయలను అమితముగా ముద్రించుటకు అడ్డు లేదనియు, ధరలు పెరిగిన బాధ బీదలపై పడుననియు, ముద్రణకు హద్దు నిర్ణయింపవలెననియు వారి వాదము.

పట్టము చేతికందు వేళ గ్రంథము మరలివచ్చెను. లండనులో నిలిచి తిరుగవ్రాయుటకు సొమ్ము లేదు. ఇట్టి దశలో ఎందరు విద్యార్థులు చదువును విడిచిపెట్టి యుందురో మన మూహింపవచ్చును. అంబేడ్కరుగారు 1923 ఏప్రిలులో బొంబాయి చేరి, ఆ గ్రంథమును మరల ముందిడుకొని కూర్చుండిరి. మాటల తీరు సవరించిరి గాని, తాము సత్యమని నమ్మిన నిర్ణయములను మార్చలేదు. తిరిగి పంపిన గ్రంథము అంగీకరింపబడి, 1923 నవంబరులో డి.ఎస్‌సి. పట్టము వారికి లభించెను. ఆ యేటనే గ్రంథము లండనులో అచ్చయ్యెను. దానికి పీఠిక వ్రాసిన వారి గురువు, ఆచార్య ఎడ్విన్ కానన్, శిష్యుని వాదముతో తాము ఏకీభవింపని చోట్లను తెలిపియు, ఆ వాదములోని క్రొత్తదనమును మెచ్చుకొనిరి. శిష్యునిచే తన మాట పలికింపక, శిష్యుని మాటకు తానే పీఠిక వ్రాసిన గురువు ధన్యుడు గదా!

ఇంత చదివి వచ్చిన బారిష్టరునకు హైకోర్టున న్యాయవాద పత్రము పొందుటకు రుసుము లేదు. మరల నావల్ భతేనాయే ఆదుకొనెను. ఆ మిత్రుని పేరు చరిత్ర గ్రంథములలో ఒకటి రెండు పంక్తులకు మించి కానరాదు. అయినను ఆ రెండు సమయములందు అతడు చేయి వెనుకకు తీసియున్నచో, దేశమునకు కలిగెడి నష్టమును లెక్కగట్టగలవా రెవ్వరు?

తాము పడిన పాట్లను అంబేడ్కరుగారు మరచిపోలేదు. 1924లో వారు స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ మరుసటి యేటనే షోలాపురమున విద్యార్థులకు వసతిగృహమును తెరచెను. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పి, 1946లో సిద్ధార్థ కళాశాలను ప్రారంభించిరి. 1956 డిసెంబరు 6వ తేదీన వారు పరమపదించిరి.

ఈ చరిత్రమువలన దాతలు గ్రహింపవలసినది యొకటి కలదు. బరోడా ప్రభువు ఔదార్యము కొనియాడదగినదే. కాని గడువు తీరినదని వేతనము నిలుపగా, ఆ విద్యార్థి లండను చదువునకు మూడేండ్ల యంతరాయము కలిగెను. నేడును మన బిడ్డలు అప్పులు చేసి విమానములెక్కి దూరదేశములకు పోవుచున్నారు. నేడును రూపాయి దిగజారినపుడు వారి రుసుములు పెరుగుచున్నవి. కావున సంఘనిధినుండి సాయము చేయువారు ప్రయాణపు ఖర్చుతో తృప్తి నొందక, కడపటి సంవత్సరమునకు కొంత ద్రవ్యమును వేరుగా నుంచవలెనని మేము కోరుచున్నాము. విద్యార్థులారా, మీ గ్రంథము మరలివచ్చినను మీరు వెనుదిరుగవలదు. సవరించి మరల పంపుడు.