కంచే చేను మేస్తే? పాల్ ఎర్లిక్ కథ

పిల్లలూ, "కంచే చేను మేస్తే" అనే సామెత ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? పంటను కాపాడటానికి చేను చుట్టూ కంచె వేస్తాం. ఆ కంచే పంటను తినేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాం? మన శరీరానికీ ఒక కంచె ఉంది. దాని పేరు రోగనిరోధక శక్తి. అది మన మీదికే తిరగబడుతుందా? ఈ సంగతిని మేకల రక్తంతో పరీక్షించి చూసిన శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్.

ఎర్లిక్ 1854 మార్చి 14న స్ట్రెహ్లెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. అప్పుడది ప్రష్యా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. వైద్యం చదివే రోజుల్లో ఆయనకు రంగుల పిచ్చి. బట్టలకు అద్దే రంగుల్ని కణాలకు పట్టించి మైక్రోస్కోపులో చూసేవారు. ఒక రంగు ఒక రకం కణానికే అంటుకునేది, పక్కదానికి అంటేది కాదు. ఎందుకలా? ఈ ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుపు నీటిని సీరం అంటారు. అందులో క్రిముల్ని చంపడానికి రెండు పదార్థాలు కలిసి పనిచేస్తాయని బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డె చూపించారు. ఒకటి యాంటీబాడీ. రెండోది 56 డిగ్రీల వేడికే పాడైపోతుంది. ఈ రెండోదానికి ఎర్లిక్ కాంప్లిమెంట్ అని పేరు పెట్టారు. పూర్తిచేసేది అని అర్థం. లెక్కల్లో దీన్నే మనం పూరకం అంటాం. యాంటీబాడీ వెళ్ళి క్రిమిని పట్టుకుంటుంది. తర్వాత కాంప్లిమెంట్ వచ్చి క్రిమి పైపొరకు చిల్లు పెట్టి పని పూర్తిచేస్తుందన్నమాట.

1900 ప్రాంతంలో, ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో, ఎర్లిక్, ఆయన తోటి పరిశోధకుడు మోర్గెన్‌రోత్ ఒక మేకకు వేరే మేకల రక్తం ఎక్కించారు. దాని శరీరం ఆ పరాయి కణాల మీద యాంటీబాడీలు తయారుచేసింది. ఆ మేక సీరంలో వేరే మేకల ఎర్ర రక్తకణాలు వేస్తే అవి పగిలిపోయాయి. మరి దాని సొంత కణాలు వేస్తే? ఏమీ కాలేదు!

అంటే తనను తాను విషంతో చంపుకోవాలంటే శరీరానికి భయం అని ఎర్లిక్ అనుకున్నారు. ఆ భయానికి హారర్ ఆటోటాక్సికస్ అని లాటిన్ పేరు పెట్టారు. మనల్ని మన నుంచే కాపాడే ఏర్పాటు ఏదో ఒంట్లో ఉండాలి, అది చెడిపోతే జబ్బు రావచ్చు అని కూడా ఆయన ఊహించారు. కానీ చాలామందికి ఆ పేరే గుర్తుండిపోయింది. శరీరం తన మీద తాను దాడి చేయడం అసాధ్యం అని నమ్మేశారు.

1904లోనే వియన్నాలో డోనాత్, లాండ్‌స్టీనర్ ఒక వింత జబ్బు గుట్టు విప్పారు. చలి తగిలితే ఆ రోగులకు మూత్రం ఎర్రగా వచ్చేది. చల్లదనంలో వాళ్ళ యాంటీబాడీలే వాళ్ళ రక్తకణాలకు అంటుకునేవి. ఒళ్ళు వెచ్చబడగానే కాంప్లిమెంట్ ఆ కణాల్ని పగలగొట్టేది. కంచే చేను మేసింది! అయినా ఇలాంటి జబ్బులు చాలా ఉండొచ్చని శాస్త్రలోకం ఒప్పుకోవడానికి 1950ల దాకా పట్టింది. అంతకాలం రోగుల బాధకు అసలు కారణం తెలియలేదు.

ఎర్లిక్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత సిఫిలిస్ అనే జబ్బుకు మందు కనిపెట్టారు. 1915 ఆగస్టు 20న కన్నుమూశారు.

ఈ రోజు లూపస్ అనే జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలో డాక్టర్లు సి3, సి4 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లను కొలుస్తారు. జబ్బు ముదిరినప్పుడు అవి ఖర్చైపోయి చాలామందిలో తగ్గుతాయి. కాపాడే ఏర్పాటు ఎక్కడ చెడిపోతోంది? ఎర్లిక్ వదిలి వెళ్ళిన ఆ ప్రశ్న మీద ఇప్పటికీ పని జరుగుతోంది. రేపు ఆ పని చేసేది మీలో ఒకరేమో!

కొత్త మాటలు
చేను: పంట పండించే పొలం
పరాయి: మనది కానిది
గుట్టు: దాచి ఉన్న రహస్యం

చెప్పండి చూద్దాం
1. మేక సొంత రక్తకణాలు ఎందుకు పగల్లేదని ఎర్లిక్ అనుకున్నారు?
2. కాంప్లిమెంట్‌కు ఆ పేరు ఎందుకు సరిపోతుంది?
3. "కంచే చేను మేస్తే" అనే సామెత ఇంకెక్కడ వాడొచ్చు? ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రెండు వాక్యాలు రాయండి.